అంటు కట్టిన చెవి

డాక్టర్ వైజయంతి లెక్కలో మనుషులు రెండే జాతులు. సంగీతం వినేవాళ్లు ఒక జాతి, మోత వినేవాళ్లు ఇంకో జాతి. ఆవిడ ఏరికోరి పెళ్లి చేసుకున్న పైడిరాజు రెండో జాతివాడు.

పైడిరాజు పశువుల డాక్టరు. విశాఖపట్నం చుట్టుపక్కల పల్లెల్లో తిరిగే అతని జీపు ఎక్కడుందో ఫోన్ చేసి అడగక్కర్లేదు, చెవులుంటే చాలు. సినిమా పాటల్లో మరీ నాటువి, ఊరేగింపుల్లో బ్యాండువాళ్లు వాయించేవి, వాటన్నిటికంటే మిన్నగా తన అన్నయ్య గవరయ్య దళం తప్పెటగుళ్లు. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో గుండ్రంగా తిరుగుతూ, అరచేతులతో వాయిస్తూ పాడే ఆట అది. బొబ్బిలి దగ్గర వాళ్ల ఊళ్లో తండ్రి ఆడేవాడు. ఆయన పోయాక అన్నయ్య ఆడుతున్నాడు. ఆ రికార్డింగు పెట్టుకుని స్టీరింగు మీద దరువు వేస్తూ వచ్చే డాక్టరుగారిని చూసి గేదెలు కూడా తలలెత్తుతాయని రైతులు నవ్వుకునేవారు.

వైజయంతి విజయనగరంలో పేరున్న గాయకులు వాసుదేవశాస్త్రిగారి కూతురు. మాటల కంటే ముందు స్వరాలు విన్న పిల్ల. కాలేజీ రోజుల్లో మొదటి కచేరీ చేసింది. ముందు వరసలో కూర్చుని తొడ మీద తాళం వేస్తున్న తండ్రి చెయ్యి చరణం మధ్యలో ఆగిపోవడం వేదిక మీంచి చూసింది. ఇంటికొచ్చాక ఆయన ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆవిడ మళ్లీ వేదిక ఎక్కలేదు. సంగీతం వింటున్నప్పుడు మెదడులో ఏం జరుగుతుందో తేల్చే శాస్త్రంలోకి వెళ్లిపోయింది, అందులో దేశంలో ఎన్నదగిన మనిషి అయింది. అయినా పొద్దున్నే శ్రుతి పెట్టె మీట నొక్కి ఇంట్లో పాడుకోవడం మాత్రం మానలేదు. ఆ వేళకి పైడిరాజు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో చతికిలబడేవాడు.

"బాగుందే జయా," అనేవాడు పాట అయ్యాక. రోజూ అదే మాట.

"ఏం బాగుంది? ఏ రాగమో చెప్పండి చూద్దాం."

"అదేటో నాకెలాగ తెలుస్తాది? బాగుంది, అంతే."

"గాడిదకేం తెలుసు గంధపు వాసన," అనేది ఆవిడ.

"గాడిదలకి నేనేగా డాక్టర్ని," అనేవాడు అతను, గ్లాసు కడగడానికి లేస్తూ.

సరసంగానే అనేది. సరసం విరసం కొరకేనని పెద్దలు ఊరికే అనలేదు. ఒక ఆదివారం సంగీత సభ పెద్దలు భోజనానికి వచ్చారు. వడ్డన సగంలో ఉండగా పైడిరాజు ముచ్చటపడి, అన్నయ్య దళం కొత్తగా ఆడిన ఆట ఫోనులో పెట్టి వాళ్లకి చూపించబోయాడు. వైజయంతి చెయ్యి చాపి దాన్ని ఆపేసింది.

"అన్నం దగ్గర డబ్బాలు వాయించకండి," అంది.

అతిథులు నవ్వారు. పైడిరాజు కూడా నవ్వాడు. కానీ ఆ సాయంత్రం, పెరట్లో బట్టలు తీస్తున్న భార్య దగ్గరికి వచ్చాడు.

"జయా, మీ ల్యాబులో కడతన్నారే అంటు, అది నాకు కట్టు."

"మీకా? ఎందుకు?"

"నీకెలాగ వినిపిస్తాదో నాకూ అలాగ వినిపించాల. నలుగుర్లో నావల్ల నీకు తలవంపులు. అది పోనీ. ఇన్నేళ్లబట్టి నువ్వు పాడతావు, నేను పక్కనే కూర్చుంటాను, అయినా నువ్వున్న చోటికి నేను రాలేకపోతన్నాను."

ఆ మాటకి ఆవిడకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి సంతోషంతో వచ్చిన నీళ్లే, పశ్చాత్తాపంతో కాదు.

*

అంటు అన్నది ప్రయోగశాలలో వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. నాటు మామిడికి మంచి కొమ్మ అంటు కట్టినట్టే ఇదీను. బాగా వినగలిగిన మనిషి తలకి తీగల టోపీ పెట్టి, రోజుల తరబడి సంగీతం వినిపిస్తారు. ఏ స్వరం దగ్గర ఆ మెదడు పొంగుతుందో, ఎక్కడ ముడుచుకుపోతుందో యంత్రం పట్టుకుంటుంది. ఆ తర్వాత ఇంకొకరి తలకి టోపీ పెట్టి అదే సంగీతం వినిపిస్తూ, సరిగ్గా ఆ చోట్లలోనే అదే పొంగుని, అదే ముడుచుకోవడాన్ని సన్నటి అయస్కాంతపు తాకిడితో పుట్టిస్తారు. కొన్నాళ్లకి యంత్రంతో పని ఉండదు. ఆ మెదడే తనంతట తాను అలా వినడం నేర్చుకుంటుంది.

మొదట్లో పలువురు విద్వాంసుల చెవులు కలిపి చూశారు. ఒకరు మెచ్చింది ఇంకొకరు మెచ్చకపోవడంతో అంతా కలగాపులగమై ఏమీ పట్టుకోలేదు. ఒకే మనిషి చెవి కావలసి వచ్చింది. వైజయంతి తన చెవే ఇచ్చింది. ఆ చెవి మీద ఎవరికీ అనుమానం లేదు. ఆవిడకి అసలే లేదు.

పైడిరాజు వచ్చి కుర్చీలో కూర్చున్న రోజున, ఆవిడ దగ్గర పరిశోధన చేస్తున్న సుధేష్ణ ఒక మాట గుర్తు చేసింది.

"మేడం, సార్ సొంత చెవి ముందు తీసి దాచాలి కదా? ఆయనకి ఇష్టమైన పాటలన్నీ తెచ్చుకోమంటే రేపే మొదలుపెడదాం."

అక్కడి నియమం అది. అంటు వికటిస్తే పాత చెవినే తిరిగి ఎక్కించడానికి. వైజయంతి తన ప్రయోగశాలలో, తన మంచి స్పీకర్లలో, ఆ బ్యాండు మేళాలూ రేకు తప్పెటలూ రోజుల తరబడి మోగడం ఊహించుకుంది.

"ఆ చెవిలో దాచుకోడానికి ఏముందమ్మా?" అంది.

సుధేష్ణ నవ్వాలో మానాలో తెలియక చూసింది. టోపీ కింద నుంచి పైడిరాజే ముందు పకపకా నవ్వాడు.

"పాత గోడకి సున్నం కొట్టే ముందు ఫొటో తీసుకుంటారేటమ్మా? కానియ్, కానియ్."

దాంతో అందరూ నవ్వారు. నవ్వుకుంటూనే మీట నొక్కారు.

*

వర్షాలు మొదలయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం అతను ఆవిడకి ఫోన్ చేశాడు. ఆనందపురం దాటాక తాటిచెట్ల పక్కన జీపు ఆపేశానన్నాడు.

"రేడియోలో ఎవరో పాడతన్నారు జయా. తోడి రాగమని చెప్పారు. అడగడానికి మొహమాటపడే మనిషి, ఇంక తప్పదని వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టుంది. ఇది ఇన్నాళ్లూ ఇక్కడే ఉందా? నాకు వినబళ్లేదా?"

వైజయంతి ప్రయోగశాల మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. మొగుడితో కలిసి ఒక పాట వినడమనే సుఖం తనకి రాసిపెట్టి లేదనుకుంది ఇన్నాళ్లూ. ఆ వానాకాలం అంతా ఇద్దరూ కచేరీలకి తిరిగారు. పక్కపక్కన కూర్చుంటే ఒకే చోట ఇద్దరి తలలూ ఊగేవి. ఒకే చోట ఇద్దరూ "అయ్యో" అనుకునేవారు. సభ పెద్దలు వచ్చి పైడిరాజుతోనే ముచ్చట్లు పెట్టుకునేవారు. జీపులో పాటలు అతనంతట అతనే మానేశాడు. డాక్టరుగారికి ఒంట్లో బాగోలేదేమోనని రైతులు ఒకరినొకరు అడిగారు.

పరిశోధన కేంద్రం డైరెక్టరు చలపతిరావు ఆనందం పట్టలేకపోయాడు. ఇంక బళ్లలో పెడదామన్నాడు. చిన్నప్పుడే అంటు కడితే రాష్ట్రంలో అభిరుచి లేని పిల్లాడంటూ ఉండడని, ఒప్పంద పత్రాలు కూడా తయారు చేయించాడు. మూలం వైజయంతి చెవే కాబట్టి ఆవిడ ఒప్పుకుని సంతకం పెట్టడమే మిగిలింది.

ఈలోగా గంగమ్మ పండక్కి రమ్మని గవరయ్య కబురుపెట్టాడు.

ఊరి నడిమధ్య పందిరి వేశారు. గవరయ్య తమ్ముణ్ణి చూసి ఎదురొచ్చాడు. గుండె మీది తప్పెట మీద చెయ్యేసి చూపించాడు.

"నాన్న తప్పెట కట్టానురా తమ్ముడా. నువ్వొత్తావని. రా అమ్మా, నువ్వు కూకో," అన్నాడు మరదలితో.

ఆట మొదలైంది. దళం వలయంగా తిరుగుతూ వాయిస్తుంటే దుమ్ము లేచింది, జనం ఈలలు వేశారు. వైజయంతికి ఎప్పటిలాగే తలపోటు మొదలైంది. ఓర్చుకుంటూ మొగుడివైపు చూసింది. పెదవి ఒక పక్కకి కొద్దిగా విరిచి, కనుబొమలు ముడిచి, మర్యాద కోసం కూర్చున్న మనిషిలా ఉన్నాడు. ఆ మొహం ఎక్కడో చూసినట్టనిపించింది. తర్వాత తెలిసింది, అది తన మొహమే. ఇలాంటి చోట్ల దిగిన ఫొటోలన్నిటిలోనూ తను అలాగే ఉంటుంది.

పైడిరాజు లేచి గడ్డివాము వెనక్కి నడిచాడు. ఆవిడ వెనకాలే వెళ్లేసరికి చెవులు మూసుకుని నిలబడి ఉన్నాడు.

"రేకు డబ్బాలు జయా. అన్నయ్య రేకు డబ్బా కొడతన్నాడు."

"కాసేపు ఓర్చుకోండి, అయిపోతుంది."

"ఓర్చుకోడమేటి? నాన్న ఆడతంటే ఆ చుట్టూ పరిగెత్తేవోణ్ణి. గుండె ఎగిరిపోయేది. ఎగిరిపోయేదని గుర్తుంది. ఎగిరితే ఎలాగుంటాదో గుర్తు రావట్లేదు. ఎంత ఎతికినా రావట్లేదు జయా."

గవరయ్య చెమటలు కక్కుతూ వచ్చాడు. ఆట మధ్యలో వదిలి వచ్చినట్టున్నాడు.

"ఏరా? బాగోలేదేటి?"

పైడిరాజు చెవుల మీంచి చేతులు తీశాడు. "తలనొప్పి అన్నయ్యా."

గవరయ్య తమ్ముడి మొహంలోకి చూశాడు. చదువుకోకపోయినా, తన ఆట నచ్చినవాడి మొహం ఎలా ఉంటుందో ఆ మనిషికి తెలుసు.

"నాన్న పోయినప్పుడు నువ్వు ముద్ద ముట్టలేదు. ఈ ఆట ఆడితేనే లేచి అన్నం తిన్నావు," అన్నాడు. అరచేతులు పంచెకి తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా ఆట సాగింది గానీ గవరయ్య గొంతు పెగల్లేదు.

తిరుగు ప్రయాణంలో పైడిరాజు జీపులో పాత పాటలన్నీ ఒక్కొక్కటే పెట్టాడు. తాళాలగుత్తిలో ఏది పడుతుందోనని చూసేవాడిలా ఒకటి పెట్టడం, తీసెయ్యడం, ఇంకొకటి పెట్టడం. భీమిలి రోడ్డు వచ్చేసరికి అన్నీ అయిపోయాయి.

*

మర్నాడు వైజయంతి ప్రయోగశాలకి వెళ్తూనే చెప్పింది. "సుధేష్ణా, సార్ అంటు విప్పేద్దాం. పాత చెవి ఎక్కించు."

సుధేష్ణ కుర్చీలోంచి లేచి నిలబడింది. "లేదు మేడం."

"లేదంటే?"

"మనం తీసుకోలేదు కదా మేడం."

వైజయంతికి ఆ రోజు తను అన్న మాట, ఆ పైన అందరూ నవ్విన నవ్వు వరసగా గుర్తొచ్చాయి. బల్ల అంచు పట్టుకుని కూర్చుంది.

"పోనీ ఊరికే విప్పేస్తే?"

"మీ చెవి పోతుంది. కింద ఆయనది మిగిలి ఉండదు మేడం. ఏ పాటైనా ఫ్యాన్ చప్పుడులాగే ఉంటుంది."

"వాళ్ల అన్నయ్యది తీసి ఎక్కిస్తే?"

"అప్పుడాయన వాళ్ల అన్నయ్యలా వింటారు. సార్‌లా వినరు."

ఇంటికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. అరుస్తాడనుకుంది, కనీసం ఒక్క మాటైనా అంటాడనుకుంది. పైడిరాజు తలొంచుకుని విన్నాడు.

"నేనూ నవ్వేనుగా ఆ రోజు," అన్నాడు చివరికి. "ఇప్పుడు విప్పితే ఉన్నదీ పోతాది. తోడి అయినా ఉండనీ."

ఇంత జరిగినా, బళ్ల పథకం వద్దని చెప్పడానికి వైజయంతికి నోరు రాలేదు. సంతకం వాయిదా వేసింది, అంతే. తప్పు అంటుది కాదు, నియమం పాటించని తనది. నియమం పాటిస్తే సరిపోతుంది. పైగా పిల్లలకి పోయేదేముంది, నాలుగు సినిమా పాటలు. ఈ అంటు తను జీవితమంతా పోగేసిన పని. మనసుకి సర్దిచెప్పుకోవడం చదువుకున్నవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య.

అప్పుడొక పొద్దున్న, పాట ముగించి కళ్లు తెరిస్తే గుమ్మం ఖాళీగా ఉంది. పైడిరాజు పెరట్లో, ప్రహరీ గోడ దగ్గర, ఇటు వీపు పెట్టి కాఫీ తాగుతున్నాడు. నిన్న కూడా అక్కడే తాగాడు. మొన్న కుక్కకి గాయమయిందని వీధిలోకి వెళ్లాడు. బాగుందన్న మాట ఈ ఇంట్లో వినబడి ఎన్నాళ్లయిందో ఆవిడకి తెలియలేదు.

పెరట్లోకి వెళ్లింది. "నా పాట ఎలా ఉంది?"

"ఇప్పుడెందుకే?"

"ఇప్పుడు మీకు తెలుసు కాబట్టి. ఇన్నేళ్లూ తెలియకుండా చెప్పారు. ఒక్కసారి తెలిసి చెప్పండి."

ఆవిడ అడిగింది భయంతో కాదు, ఆశతో. వినడం తెలిసినవాడి నోట ఒక్కసారి ఆ మాట వినాలని ఆవిడ పుట్టినప్పటినుంచీ ఎదురుచూస్తోంది. తండ్రి చెప్పలేదు. ఇప్పుడు చెప్పగలిగినవాడు ఇంట్లోనే ఉన్నాడు.

పైడిరాజు గ్లాసు గోడ మీద పెట్టాడు.

"పైకెళ్లే చోట నీకు భయం జయా. గొంతు అక్కడికి అందదు. అందినట్టు దాటేస్తావు. ఆ తర్వాతదంతా ఆ దాటేసింది ఎవరూ చూడకుండా కప్పెట్టుకోడానికే పాడతావు. వినలేకే ఇక్కడికొచ్చేస్తన్నాను."

వైజయంతి బట్టల రాయి మీద కూర్చుంది. తండ్రి చెయ్యి ఆగింది సరిగ్గా ఆ చోటే. ఆయన దాచుకున్న మాట ఇన్నేళ్లకి మొగుడి నోట వచ్చింది. కానీ ఇది తండ్రి చెవి కాదు, పైడిరాజు చెవీ కాదు. తన చెవి. ఈ మాట రోజూ పొద్దున్న పాడుతూ పాడుతూ తనకి తనే చెప్పుకుంటోంది, చెప్పుకుంటూ విననట్టు నటిస్తోంది.

పైడిరాజు వచ్చి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. అతని కళ్లల్లో కోపం లేదు.

"ఒకటడుగుతాను. నువ్వు నిన్ను ఇలాగే విన్నావా? రోజూ? ఇన్నేళ్లూ?"

ఆవిడ తలూపింది.

అతను రెండు చేతులతో మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నా మాట ఒక్కటే ఉండేది నీకు. తెలీనోడి మాటయినా, అది పట్టుకునే మర్నాడు మళ్లీ పాడేదానివి. అది కూడా పోయింది జయా. నీ దగ్గరికి వద్దామనొచ్చి అది పోగొట్టేను."

గాడిదన్నది ఆ మనిషినే. సిగ్గుతో వైజయంతి తలెత్తలేకపోయింది.

*

ఆ రోజు ప్రయోగశాలకి వెళ్తూ ఆవిడ దారిపొడవునా పిల్లల గురించే ఆలోచించింది. ఏ ఇంట్లోనైనా అంట్లు తోముతూ శ్రుతి తప్పి పాడుకునే తల్లి ఉంటుంది. గుళ్లో గొంతు చించుకుని భజన చేసే తాత ఉంటాడు. ఈ చెవి తగిలించుకున్న పిల్ల వాళ్ల పాటకి మొహం చిట్లించుకుని పెరట్లోకి పోతుంది. ఎందుకు పోతోందో ఆ తల్లికి తెలియదు. పిల్లకీ తెలియదు. పోయేది నాలుగు సినిమా పాటలని తను అనుకుంది.

యంత్రం ముందు కూర్చుని తన చెవిని చెరిపేసింది. నకళ్లు కూడా వెతికి చెరిపేసింది. సుధేష్ణ పక్కనే నిలబడి చూసింది, ఆపలేదు. చలపతిరావు పరుగున వచ్చాడు.

"ఏం చేస్తున్నారండీ! అది మీ జీవితం!"

"అవునండి."

"ఒక్కరికి వికటించిందని దేశానికి లేకుండా చేస్తారా?"

"వికటించలేదు. సరిగ్గానే అంటుకుంది. ఆ చెవి మా ఇంట్లో ఇద్దరికి ఉంది, అది చాలు. ఇంకెవరికీ వద్దు," అంది వైజయంతి. ఆయన ఉద్యోగం సంగతి ఎత్తాడు. ఆవిడ బ్యాగు సర్దుకుంది.

మర్నాడు పొద్దున్న శ్రుతి పెట్టె జోలికి పోలేదు. వంటింట్లో పప్పు ఏరుతూ కూర్చుంది. పైడిరాజు ముందు గదిలోకి వెళ్లి తనే ఆ మీట నొక్కాడు. శ్రుతి ఇల్లంతా పరుచుకుంది. ఆవిడ చేట పక్కన పెట్టి వచ్చింది. అతను చాప మీద కూర్చుని ఉన్నాడు.

"కూర్చో. పాడు."

"మీరు వినలేరు."

"వినలేను. పాడు."

ఎదురెదురుగా కూర్చున్నారు. ఆవిడ కళ్లు మూసుకోకుండా పాడింది. కింది స్వరాలు బాగానే సాగాయి. ఆ చోటు దగ్గర పడుతున్నకొద్దీ గొంతు బిగుసుకోవడం ఆవిడకి తెలిసింది, అతనికీ తెలిసింది. అతని దవడ గట్టిపడింది, వేళ్లు చాప అంచుని పట్టుకున్నాయి. ఎప్పుడూ దాటేసే చోట ఈసారి ఆవిడ దాటెయ్యలేదు. అక్కడే నిలబడి చెయ్యి చాపినట్టు గొంతు చాపింది. గొంతు జీరపోయి విరిగింది.

పైడిరాజు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. లేవలేదు. ఆవిడ కొంచెంసేపు ఊపిరి పీల్చుకుని, మళ్లీ కిందినుంచి మొదలుపెట్టింది.